విమాన ప్రమాదానికి కారణం ఎలా చదవాలి: కామెట్ కేసు పట్టుకుని

ఎక్కడైనా విమానం కూలిందంటే సాయంత్రానికల్లా వాట్సాప్‌లో కారణం వచ్చేస్తుంది. పక్షి తగిలిందని ఒకరు, పైలట్ తప్పని ఇంకొకరు, ఇంజిన్ పేలిందని మరొకరు. 2025 జూన్‌లో అహ్మదాబాద్ ప్రమాదం జరిగినప్పుడు ఇదంతా చూశాం. అసలు సంగతి తెలుసుకోవాలనుకునేవాళ్ళకి చదవడానికి ఒక పద్ధతి కావాలి. అది నేర్చుకోవడానికి డి హావిలాండ్ కామెట్ కంటే మంచి కేసు నాకు తెలియదు. దాని గురించి అందరూ చెప్పే జవాబు ఒకటుంది: "కిటికీలు చతురస్రంగా ఉండటం వల్ల కూలింది." ఇక్కడితో ఆగిపోయినవాళ్ళకి అసలు విషయం చాలావరకు అందనట్టే.

ముందు కాస్త పరిచయం. బ్రిటిష్ కంపెనీ డి హావిలాండ్ తయారుచేసిన కామెట్ ప్రపంచంలో మొట్టమొదటి జెట్ ప్రయాణికుల విమానం. 1949 జులై 27న ఇంగ్లండ్‌లోని హాట్‌ఫీల్డ్‌లో మొదటిసారి ఎగిరింది. 1952 మే 2న బ్రిటిష్ సంస్థ బీఓఏసీ దాన్ని లండన్ నుంచి జొహానెస్‌బర్గ్‌కి టికెట్లు అమ్మి నడిపింది. 36 మంది ప్రయాణికులు, రెక్కల మొదట్లో లోపలికి దాచిన నాలుగు ఇంజిన్లు, దాదాపు 40,000 అడుగుల ఎత్తు. అప్పటిదాకా ప్రొపెల్లర్ విమానాల్లో ఊగుతూ, చెవులు దిబ్బళ్ళు పడేలా ప్రయాణించినవాళ్ళకి ఇది కొత్త లోకం.

మొదటి పని, ఒకే పేరు మీద ఉన్న ప్రమాదాలన్నిటినీ ఒక మూటలో కట్టకండి. ఒక్కొక్కటీ విడదీసి, విమానం అప్పుడు ఏం చేస్తోందో రాసుకోండి. నేల మీద పరుగెడుతోందా, పైకి ఎక్కుతోందా, ఎత్తుకి చేరిపోయిందా? కామెట్ విషయంలో ఇది చేస్తే చాలు, సగం గందరగోళం తీరిపోతుంది. 1952 అక్టోబర్ 26న రోమ్‌లో ఒక కామెట్ టేకాఫ్ కాలేక రన్‌వే దాటి పాడైంది, ప్రాణాలు పోలేదు. 1953 మార్చి 3న కరాచీలో కెనడియన్ పసిఫిక్ వాళ్ళ కామెట్ కూడా టేకాఫ్ దగ్గరే కూలి 11 మంది పోయారు. జెట్ ప్రయాణికుల విమానం కూలి మనుషులు చనిపోవడం అదే మొదలు. ఈ రెండింటికీ కిటికీలతో గానీ లోహంలో పగుళ్ళతో గానీ ఏ సంబంధమూ లేదు. ముక్కు అవసరానికి మించి పైకెత్తితే రెక్క మీద గాలి విడిపోయి, ఈడ్పు పెరిగిపోయి, ఎంత పరుగెత్తినా విమానం వేగం అందుకోలేకపోయేది. నింద మాత్రం మొదట పైలట్ల మీద పడింది. తర్వాత కంపెనీ రెక్క ముందు అంచు ఆకారాన్నే మార్చింది. అందుకే "పైలట్ పొరపాటు" అన్న మాట ఎక్కడ చదివినా వెంటనే ఒక ప్రశ్న వేసుకోండి: ఆ ప్రమాదం తర్వాత విమానంలో ఏదైనా మార్చారా? మార్చారంటే ఆ మాట ఒక్కటీ సరిపోలేదన్నమాట.

1953 మే 2. సేవలు మొదలై సరిగ్గా ఏడాది. సింగపూర్ నుంచి లండన్ వెళ్తున్న కామెట్ కలకత్తా డమ్‌డమ్‌లో ఎగిరి, ఢిల్లీ వైపు తిరిగి, ఆరు నిమిషాలకే ఉరుముల గాలివానలో ముక్కలైంది. 43 మంది, ఒక్కరూ మిగల్లేదు. దీన్ని మన దేశపు విచారణ కోర్టు పరిశీలించింది. తుఫాను గాలుల తీవ్రమైన కుదుపుల వల్లో, ఆ గాలివానలో పైలట్ విమానాన్ని అదుపు చేయబోయి ఎక్కువగా తిప్పడం వల్లో, అసలు అదుపే తప్పడం వల్లో నిర్మాణం మీద భారం మించిపోయి విరిగిందని తేల్చింది. ఇంటర్నెట్‌లో చాలా జాబితాలు దీన్ని కూడా లోహపు అలసట (పదేపదే భారం పడి లోహం పగలడం) ఖాతాలో వేసేస్తాయి. విమానం అప్పటికి ఇంకా ఎక్కుతూనే ఉంది, క్యాబిన్‌లో ప్రెషర్ పూర్తి స్థాయికి చేరే ఎత్తు ఇంకా రాలేదు. కాబట్టి దీన్ని విడిగానే ఉంచండి.

ఇక మిగిలిన రెండే అసలు మిస్టరీ. 1954 జనవరి 10న రోమ్ నుంచి లండన్ బయల్దేరిన కామెట్ ఇటలీ తీరంలోని ఎల్బా దీవి దగ్గర సముద్రంలో పడింది, 35 మంది. దాని రిజిస్ట్రేషన్ జీ-ఏఎల్‌వైపీ, అంటే రెండేళ్ళ కిందట మొట్టమొదటి జెట్ సర్వీసు నడిపిన విమానమే. కెప్టెన్ దగ్గర్లో ఉన్న ఇంకో బీఓఏసీ విమానంతో రేడియోలో మాట్లాడుతూ ఉండగా మాట మధ్యలోనే తెగిపోయింది. 1954 ఏప్రిల్ 8న రోమ్ నుంచి కైరో వెళ్తున్న ఇంకో కామెట్, జీ-ఏఎల్‌వైవై, నేపుల్స్ దక్షిణాన సముద్రంలో పడింది, 21 మంది. రెండూ రోమ్‌లోనే ఎగిరాయి, రెండూ ఎక్కుతూనో ఎత్తుకి చేరుతూనో ఉన్నప్పుడు, ఒక్క హెచ్చరిక కూడా లేకుండా పోయాయి. ఇలాంటి పోలిక కనపడితే దాని కింద గీత గీయండి.

ఆ రెండు తేదీల మధ్య ఏం జరిగిందో కూడా చూడండి, నా మనసుని ఇప్పటికీ కలచివేసేది ఆ భాగమే. ఎల్బా తర్వాత బీఓఏసీ తనంతట తానే కామెట్లని దించేసింది. శకలాలు ఇంకా సముద్రం అడుగునే ఉన్నాయి, కారణం తెలియదు. అయినా అనుమానం వచ్చినవన్నీ రాసుకున్నారు: మంటలు, ఇంజిన్ బ్లేడు విరగడం, రెక్కల కంపనం. ఒక్కో అనుమానానికీ ఒక మార్పు చొప్పున సుమారు 50 మార్పులు చేసి మార్చి 23న మళ్ళీ ఎగరేశారు. పదహారు రోజులకి రెండోది పడింది. చదివేటప్పుడు "కారణం కనుక్కుని సరిచేశారు"నీ, "ఉండొచ్చనుకున్నవన్నీ సరిచేశారు"నీ వేరువేరుగా పెట్టుకోండి. ప్రకటనల్లో రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఏప్రిల్ 12న కామెట్‌కి ఎగిరే అర్హత పత్రాన్నే రద్దు చేశారు.

తర్వాతి పని సాక్ష్యం ఎక్కణ్ణించి వచ్చిందో చూడటం. కామెట్లలో బ్లాక్ బాక్స్ లేదు. బ్రిటిష్ నౌకాదళం నీటి అడుగున టెలివిజన్ కెమెరాలు దింపి ఎల్బా దగ్గర ముక్కలు వెతికింది, విమానంలో చాలా భాగం బయటికొచ్చింది. నేపుల్స్ వైపు పడినదాన్ని తీయలేకపోయారు, అక్కడ సముద్రం మరీ లోతు. పీసా విశ్వవిద్యాలయ వైద్యుడు ఆంటోనియో ఫోర్నారి ఎల్బా మృతదేహాలని పరీక్షించి, ఊపిరితిత్తుల గాయాలని బట్టి క్యాబిన్‌లో ప్రెషర్ ఒక్కసారిగా పోయిందని చెప్పాడు. తెచ్చిన ముక్కలన్నీ ఫార్న్‌బరోలోని బ్రిటిష్ ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థ రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో, డైరెక్టర్ ఆర్నాల్డ్ హాల్ నేతృత్వంలో పేర్చారు. ఎడమ రెక్క మీద నీలం రంగు గీత ఒకటి కనపడింది. రెక్కకి ఆ రంగు లేదు, క్యాబిన్ బయట వేసిన చారది. అంటే క్యాబిన్ ముక్క ఎగిరొచ్చి రెక్కని రాసుకుపోయింది, అప్పటికి రెక్క ఇంకా తన చోటే ఉంది. ఏది ముందు విరిగిందో చెప్పేవి ఇలాంటి గుర్తులే. రిపోర్టు చదువుతున్నప్పుడు విరిగిన వస్తువుల జాబితా దగ్గర ఆగకండి, విరిగిన వరస ఎక్కడ రాశారో వెతకండి.

ఇప్పుడు అసలైన చోటుకొద్దాం, ఇక్కడ తొందరపడకండి. 40,000 అడుగుల దగ్గర ఊపిరాడాలంటే క్యాబిన్ లోపల ప్రెషర్ పెట్టాలి. కామెట్‌లో లోపలికీ బయటికీ తేడా చదరపు అంగుళానికి 8.25 పౌండ్లు, అంటే ఒక్క చదరపు అడుగు రేకు మీద సుమారు 540 కిలోల తోపుడు. ఆ రేకు మందం మిల్లీమీటరు కూడా లేదు. ప్రతి ప్రయాణంలో ఒకసారి ఈ బరువు ఎక్కుతుంది, దిగుతుంది. బైండింగ్ తీగని అటూ ఇటూ వంచితే ఏ వంపూ దాన్ని విడిగా తెంచదు, అయినా కాసేపటికి తెగిపోతుంది కదా, లోహపు అలసట అదే. అందుకే విమానం ఎన్నేళ్ళది అని అడిగితే సగం జవాబే వస్తుంది, ఎన్నిసార్లు ప్రెషర్ ఎక్కి దిగింది అని అడగాలి.

ఫార్న్‌బరో వాళ్ళు బీఓఏసీ ఇచ్చిన ఇంకో కామెట్‌ని, జీ-ఏఎల్‌వైయూని, పెద్ద నీళ్ళ తొట్టిలో పెట్టారు. రెక్కలు తొట్టి గోడల్లోంచి బయటికి ఉంటాయి, వాటిని జాక్‌లతో ఊపుతుంటారు, క్యాబిన్ లోపలికి నీళ్ళు కొట్టి ప్రెషర్ పెంచి దించుతుంటారు. గాలి ఎందుకు వాడలేదంటే, గాలితో నింపితే పగిలినప్పుడు బాంబులా పేలి సాక్ష్యమంతా చెల్లాచెదురవుతుంది, నీళ్ళైతే చీలిన చోటే చీలి ఆగుతుంది. కొన్ని గంటల ప్రయాణాన్ని నిమిషాల్లో ముగిస్తూ, రాత్రీ పగలూ నడిపారు. 1954 జూన్‌లో, నిజంగా ఎగిరినవీ తొట్టిలోవీ కలిపి 3,057 ప్రయాణాల దగ్గర, అత్యవసర ద్వారపు కిటికీ మూల నుంచి క్యాబిన్ చీలింది.

ఈ నాలుగు అంకెల్ని ఒక కాగితం మీద పక్కపక్కన రాయండి. తొట్టిలోది 3,057. ఎల్బాది 1,290. నేపుల్స్‌ది 900. విమానం అమ్మడానికి ముందు కంపెనీ తన నమూనా క్యాబిన్ ముక్క మీద చేసిన పరీక్షలో మాత్రం అది 16,000 సార్లకి పైనే తట్టుకుంది. ఒకే డిజైన్, ఒకే లోహం, ఇంత తేడా ఎందుకు?

కారణం ఇది. కంపెనీ అదే నమూనా ముక్కని బలం పరీక్ష కోసం ముందే మామూలు ప్రెషర్‌కి రెట్టింపు దాకా ఉబ్బించింది. అంత ప్రెషర్‌కి కిటికీ మూలల్లో లోహం కాస్త సాగిపోయింది. ప్రెషర్ తీసేశాక చుట్టూ ఉన్న లోహం ఆ సాగిన మూలని లోపలికి నొక్కి పట్టుకుంది. ఇక పగులు తెరుచుకోవాలంటే ముందు ఆ నొక్కుడుని దాటాలి, అందుకే ఆ ముక్క అన్నాళ్ళు బతికింది. జనం ఎక్కిన విమానాలకి మాత్రం చదరపు అంగుళానికి 11 పౌండ్ల దాకానే పరీక్ష, వాటి మూలలకి ఆ రక్షణ లేదు. మంచి ఉద్దేశంతో, అడిగినదానికంటే ఎక్కువ చేసిన పరీక్షే కంపెనీని తప్పుదారి పట్టించింది. మనకి పనికొచ్చే ప్రశ్న: పరీక్ష చేసిన ముక్కా, మనుషులు ఎక్కిన ముక్కా పుట్టినప్పట్నుంచీ ఒకే అనుభవం పొందాయా? "పరీక్షలన్నీ పాసైంది" అన్న వాక్యం ఏ యంత్రం గురించి కనపడినా ఈ ప్రశ్న అడగొచ్చు.

రెండో విషయం, మూలల దగ్గర ఒత్తిడి. డిజైనర్లు లెక్కలో సగటు తీసుకున్నారు. ఫార్న్‌బరో వాళ్ళు కొలిస్తే మూల దగ్గర లోహం తెగిపోయే బలంలో దాదాపు 70 శాతం దాకా మామూలు ప్రయాణంలోనే వాడుకుంటోందని తేలింది. సగటు రేకుకి ఇబ్బంది లేదు, కానీ పగులు మొదలయ్యేది సగటు దగ్గర కాదు.

ఇక కిటికీల సంగతి. ఎల్బా విమానంలో పగులు మొదలైంది ప్రయాణికులు బయటికి చూసే కిటికీ దగ్గర కాదు. క్యాబిన్ పైకప్పులో రేడియో దిక్సూచి యాంటెనాల కోసం కోసిన రెండు రంధ్రాలున్నాయి, వాటిలో వెనకదాని మూలన, ఒక బోల్టు రంధ్రం అంచున మొదలైంది. ఆ కప్పు ముక్క 1954 ఆగస్టులో గానీ సముద్రంలోంచి దొరకలేదు, అంటే తొట్టి పరీక్ష జవాబు చెప్పాక దొరికిన రుజువది. పైగా కామెట్ కిటికీలకి మూలలు కాస్త గుండ్రంగానే ఉన్నాయి. ఆకారం తప్పు కాదని నేననడం లేదు, తర్వాతి మోడల్లో గుండ్రటివి పెట్టారు. కానీ పలచని రేకు, ఎక్కువ ప్రెషర్, మూలల్లో పేరుకున్న ఒత్తిడి, రంధ్రాల అంచులు, మోసపుచ్చిన పరీక్ష, ఇవన్నీ కలిస్తేనే 1,290 ప్రయాణాలకి విమానం పగిలింది. కారణం ఒకే మాటలో చెప్పేస్తున్నారంటే ఎంత వదిలేశారో చూడండి.

రిపోర్టు ఏ పరిధిలో రాశారో కూడా చదవాలి. బ్రిటిష్ న్యాయమూర్తి లార్డ్ కోహెన్ నడిపిన అధికారిక విచారణ 1954 అక్టోబర్ 19న లండన్‌లో మొదలైంది, నివేదిక 1955 ఫిబ్రవరిలో వచ్చింది. అది ఎల్బా, నేపుల్స్ ప్రమాదాల గురించే. ఎల్బాది రుజువైంది. శకలాలు లేని నేపుల్స్‌ది మాత్రం పరిస్థితులు కలిసినందువల్ల అదే కారణమని భావించారు. ఈ రెండు మాటల బరువు ఒకటి కాదు, నివేదికలు ఆ తేడాని జాగ్రత్తగా రాస్తాయి, మనం కూడా అంతే జాగ్రత్తగా చదవాలి.

చివరగా తర్వాత ఏం మారిందో వెతకండి. రేకు మందం పెంచి, కిటికీలు మార్చి తెచ్చిన కామెట్ 4తో బీఓఏసీ 1958 అక్టోబర్ 4న అట్లాంటిక్ దాటే మొదటి జెట్ సర్వీసు నడిపింది. అదే నెలలో అమెరికా సంస్థ పాన్ యామ్ బోయింగ్ 707తో రంగంలోకి దిగింది, మార్కెట్ అటు వెళ్ళిపోయింది. అయినా అలసట అక్కడితో పోలేదు. 1988 ఏప్రిల్ 28న హవాయి మీద అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పు గాల్లో ఊడిపోయింది, ఒక ఎయిర్ హోస్టెస్ చనిపోయింది. ఆ విమానం దీవుల మధ్య చిన్న చిన్న ప్రయాణాలు చేస్తూ 89,680 సార్లు ఎగిరి ఉంది.

ఇంక చదవడం మొదలుపెట్టండి. మన దేశంలో విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ నివేదికలు ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. అంతర్జాతీయ నిబంధన ప్రకారం దర్యాప్తు ఉద్దేశం మళ్ళీ జరగకుండా చూడటమే, తప్పు ఎవరిదో తేల్చడం కాదు. అందుకే నేరస్థుడి పేరు కోసం పేజీలు తిప్పితే ఏమీ దొరకదు. నేను మొదట తెరిచేది చివర్లో ఉండే సిఫారసుల పేజీ. అక్కడ ఏ భాగం మార్చమన్నారో చూసి, వెనక్కి వెళ్ళి ఆ భాగం గురించి సాక్ష్యం ఏం రాశారో చదువుతాను. ప్రాథమిక నివేదిక అయితే ఇంకాస్త ఓపిక కావాలి. అందులో జరిగినవి ఉంటాయి, ఎందుకు జరిగాయో సాధారణంగా ఉండదు. తుది నివేదిక వచ్చేదాకా మీ కాగితం మీద కారణం అన్న గడి ఖాళీగా వదిలేయండి.