రాత్రి గడ్డకట్టని మంచు: ఫ్రెండ్‌షిప్ పీక్ దారిలో సమస్యలు, వాటి కారణాలు, చేయాల్సినవి

మనాలి దగ్గరున్న ఫ్రెండ్‌షిప్ పీక్ (5,289 మీటర్లు) ఎక్కబోయేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. సోలాంగ్, ధుండీ, బకర్‌థాచ్ మీదుగా బేస్ క్యాంప్ చేరి, అర్ధరాత్రి దాటాక హెడ్ ల్యాంప్ పెట్టుకుని బయల్దేరే మామూలు దారే. క్రాంపాన్లు (బూట్ల అడుగున బిగించే ములుకుల చట్రాలు) కట్టుకోవడం, జారితే ఐస్ యాక్స్‌తో (మంచు గొడ్డలితో) ఆపుకోవడం, ఎత్తుకి ఒళ్ళు అలవాటు చేసుకోవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. రాకపోతే ముందు మనాలిలోనో ఉత్తరకాశిలోనో బేసిక్ కోర్సు చేసి రండి. భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ ఎంత బాగా నేర్చుకున్నా మంచు మాత్రం అక్కడ దొరకదు కదా. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన పూర్ణ, ఆనంద్‌కుమార్ కూడా అక్కడే మొదలుపెట్టి, తర్వాత డార్జిలింగ్, లడఖ్ వెళ్ళి శిక్షణ తీసుకున్నారు.

ఇంకే సమస్యలోకి వెళ్ళేముందు ఒక పని. బయల్దేరే ముందు టెంట్‌లోంచి బయటికొచ్చి, ఎవరూ తొక్కని మంచులో ఐస్ యాక్స్ కాడని నిలువుగా దించి చూడండి. అర నిమిషం కూడా పట్టదు. గ్లవ్స్ రెండు జతలున్నాయా, సెల్ఫీకి ఫోన్ చార్జింగ్ ఉందా అని మూడుసార్లు చూసుకునేవాళ్ళు కూడా ఇదొక్కటి మర్చిపోతారు, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సమస్య: రాత్రి ఒంటిగంటకే బయల్దేరాం, అయినా మోకాలి లోతు దిగబడుతున్నాం

నన్ను అందరూ అడిగేది ఇదే. అడిగేవాళ్ళందరూ చెప్పే కారణం కూడా ఒకటే: "లేటుగా బయల్దేరాం, ఇంకో గంట ముందు లేవాల్సింది." చాలాసార్లు అది తప్పు. మీరు పదకొండింటికి బయల్దేరినా దిగబడేవాళ్ళే, ఎందుకంటే ఆ రాత్రి మంచు అసలు గడ్డకట్టలేదు.

మే, జూన్ నెలల్లో పగలంతా ఎండకి మంచు కరిగి, పైనున్న అడుగో అడుగున్నరో మంచు తడితడిగా అవుతుంది. రాత్రి అది మళ్ళీ గట్టిపడితేనే పొద్దున క్రాంపాన్లు కరకరమంటూ పట్టుకుంటాయి. గట్టిపడాలంటే ఆ తడిలో ఉన్న వేడి బయటికి పోవాలి. ఒక్క గ్రాము నీరు గడ్డకట్టడానికే సుమారు 80 క్యాలరీల వేడి వదలాలి, అందుకే ఇది గంటలు పట్టే పని. పైగా జూన్‌లో రాత్రి పది గంటలకి మించదు.

ఆ వేడి పోయేది ఎక్కువగా పైకి, నేరుగా ఆకాశంలోకి. ఆకాశం నిర్మలంగా ఉంటే గాలి రెండు మూడు డిగ్రీలున్నా మంచు పైభాగం సున్నా కిందికి దిగి గట్టిపడుతుంది. మబ్బు పట్టిందా, మంచు వదిలిన వేడిని మబ్బు మళ్ళీ కిందికే పంపిస్తుంది, అప్పుడు గాలి సున్నా దగ్గరున్నా మంచు మాత్రం అలాగే మెత్తగా ఉంటుంది. మన ఊళ్ళో చలికాలం పొద్దున్నే చూడండి, రాత్రి చుక్కలు బాగా కనిపించినప్పుడు బయట పెట్టిన స్కూటర్ సీటు తడిసిపోయి ఉంటుంది, మబ్బు పట్టిన రాత్రి అయితే పొడిగా ఉంటుంది. అక్కడా కారణం ఇదే.

ఇప్పుడు జనం ఎలా మోసపోతారో చెప్తాను, ఎందుకంటే మోసం ఒక్కచోట కాదు, మూడు చోట్ల ఉంది.

మొదటిది ఫోన్. యాప్‌లో మనాలిలో రాత్రి 11 డిగ్రీలని చూస్తారు. వెయ్యి మీటర్లకి ఆరు డిగ్రీల చొప్పున తీసేస్తే, దాదాపు రెండు వేల మీటర్లు పైనున్న బేస్ క్యాంప్‌లో మైనస్ ఒకటి వస్తుంది, "గడ్డకట్టేసి ఉంటుంది" అనుకుని పడుకుంటారు. ఆ లెక్కలో తప్పేం లేదు, కాకపోతే అది గాలి లెక్క. మంచుకి కావాల్సింది మబ్బు లెక్క. యాప్‌లో ఉష్ణోగ్రత పక్కనే గంట గంటకీ మబ్బు శాతం కూడా ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. సిగ్నల్ ఉన్న చోటే, అంటే కింద సోలాంగ్‌లోనే చూసుకోవాలి.

రెండోది చుక్కలు. ఇదే అన్నిటికంటే ప్రమాదం. పన్నెండింటికి లేచి జిప్ తీస్తే ఆకాశం నిండా చుక్కలుంటాయి, ప్రాణం లేచొస్తుంది, "వెదర్ సూపర్" అని అందర్నీ లేపేస్తారు. కానీ సాయంత్రం ఆరు నుంచి పదకొండున్నర దాకా మబ్బు పట్టి, అప్పుడే విడిపోయి ఉండొచ్చు. పర్వతాల్లో మధ్యాహ్నం పైకి లేచిన మబ్బు రాత్రి సగం దాకా వేలాడటం మామూలే. అంటే మంచుకి చల్లబడటానికి దొరికింది గంట మాత్రమే. ఆ గంటలో పైన రెండు మూడు సెంటీమీటర్ల పెచ్చు కడుతుంది, కింద తడి అలాగే ఉంటుంది. ఆ పెచ్చు మీద మొదటి గంట బాగానే నడుస్తారు, అదే వచ్చిన చిక్కు. వాలు పెరిగి, బరువంతా ఒక్క కాలి మీద పడే చోట ఫట్‌మని విరిగి తొడ దాకా దిగిపోతుంది. అప్పటికి క్యాంప్ నుంచి రెండు మూడు గంటల దూరం వచ్చేసి ఉంటారు, వెనక్కి తిరగాలంటే మనసొప్పదు.

అందుకని మీకు మెలకువ వచ్చినప్పుడు ఆకాశం ఎలా ఉందన్నది చాలదు, మబ్బు ఎప్పుడు విడిపోయిందన్నది తెలియాలి. కిచెన్ టెంట్ వాళ్ళని అడగండి. అందరికంటే ఆలస్యంగా పడుకునేదీ, అందరికంటే ముందు లేచేదీ వాళ్ళే. ఇంకో గుర్తు టెంట్ పైగుడ్డ. సాయంత్రం నుంచీ ఆకాశం తేటగా ఉంటే దాని మీద తెల్లటి నూగు పట్టి, చెయ్యి పెట్టగానే బిరుసుగా చప్పుడు చేస్తుంది. గుడ్డ ఇంకా మెత్తగా వేలాడుతుంటే అనుమానించండి. గాలి బాగా వీచిన రాత్రి ఈ నూగు సరిగా పట్టదు, కాబట్టి దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోవద్దు.

మూడోది, యాక్స్ దించి చూసేవాళ్ళు కూడా చేసే పొరపాటు. టెంట్ల మధ్య, టాయిలెట్‌కి వెళ్ళే దారిలో చూస్తారు. అది రెండు రోజులుగా యాభై బూట్లు తొక్కిన మంచు, అణిగిపోయి ఉంటుంది, కొద్దిగా చలి తగిలినా రాయిలా బిగుస్తుంది. పైగా క్యాంప్ పల్లంలో ఉంటే రాత్రి చల్లగాలి జారి అక్కడే పోగవుతుంది, పై వాలు దానికంటే వెచ్చగా ఉండొచ్చు. క్యాంప్ దాటి, ఎవరూ నడవని చోట, మీరు ఎక్కబోయే వైపే తిరిగి ఉన్న వాలు మీద చూడాలి.

ఎలా చూడాలంటే: కాడని ఒక చేత్తో, పెద్దగా బలం పెట్టకుండా నొక్కండి. యాక్స్ తల దాకా కాడంతా దిగిపోతే ఇక చూడటానికేం లేదు, గడ్డకట్టలేదు. పైన ఆగి, కాస్త నొక్కగానే పెచ్చు పగిలి సర్రున దిగితే అదే పైన చెప్పిన దొంగ పెచ్చు. అప్పుడు యాక్స్ వెడల్పు అంచుతో జానెడు లోతు తవ్వి, పక్క గోడని పైనుంచి కిందికి వేలితో పొడుస్తూ రండి. మంచు గట్టిదనం చూసే మామూలు వరస ఒకటుంది: గ్లవ్స్ ఉన్న పిడికిలి దిగితే చాలా మెత్తన, నాలుగు వేళ్ళు దిగితే మెత్తన, ఒక్క వేలే దిగితే ఫర్వాలేదు, పెన్సిల్ మాత్రమే దిగితే గట్టి, చాకు తప్ప ఏదీ దిగకపోతే బాగా గట్టి. పై పది సెంటీమీటర్లు పెన్సిల్ గట్టిదనంలో ఉంటే ధైర్యంగా వెళ్ళొచ్చు. పైన మూడు సెంటీమీటర్లు పెన్సిల్, దాని కింద పిడికిలి అయితే నేనైతే బయల్దేరను.

మరేం చేయాలి? ఒక రోజు ఆగాలి. ఇందుకే ప్లాన్‌లో ఒక రోజు అదనంగా ఉంచుకోమనేది. హైదరాబాద్‌లో సోమవారం ఆఫీసు ఉందని, ఆదివారం ఢిల్లీ నుంచి ఫ్లైట్ బుక్ చేసుకుని వచ్చేవాళ్ళతోనే అసలు టెన్షన్. ఆ ఒక్క రోజు లేకపోతే మంచు గట్టిదైనా మెత్తదైనా వెళ్ళాల్సిందే అన్న పరిస్థితిలో పడతారు.

అప్పటికే పైన ఉండి దిగబడటం మొదలైందనుకోండి. ముందు నడిచేవాణ్ణి పది పదిహేను నిమిషాలకోసారి మార్చండి, వెనకవాళ్ళు అదే అడుగులో కాలు పెట్టాలి. పైకి కనిపించే రాళ్ళకి దగ్గరగా నడవద్దు, రాయి వేడికి చుట్టూ మంచు కరిగి లోపల బోలుగా ఉంటుంది, నడుము దాకా పోయేది అక్కడే. కాలు ఇరుక్కుంటే లాగి పీకొద్దు, చుట్టూ యాక్స్‌తో తవ్వి తీయండి, మోకాలు మెలిపడితే కిందికి మోసుకురావాల్సింది మిగతావాళ్ళే. ఇలా అరగంట నడిచినా తేడా లేకపోతే తిరిగిపోండి. ఎండ తగిలాక వాలు మీంచి చిన్న చిన్న మంచు ఉండలు వాటంతటవే దొర్లడం మొదలైతే అరగంట కూడా చూడొద్దు, తడి మంచు మొత్తం జారడానికి ముందు కనిపించే గుర్తు అది.

సాయంత్రం రెండు మూడు అంగుళాల కొత్త మంచు పడిన రోజు ఇంకాస్త జాగ్రత్త. కొత్త మంచులో గాలి ఎక్కువ, కింద ఉన్న తడి పొరలోంచి వేడి పోనివ్వదు. పైన పొడిగా, అందంగా ఉంటుంది, కింద నిన్నటి తడి అలాగే ఉంటుంది.

సమస్య: క్రాంపాన్ల కింద మంచు ముద్ద కట్టి జారుతున్నాం

ఎక్కువగా దిగేటప్పుడు, పది దాటాక. తడి మంచు ములుకుల మధ్య అతుక్కుని, ములుకులు నేలకి తగలకుండా పోతాయి. క్రాంపాన్ అడుగున రబ్బరు లేదా ప్లాస్టిక్ పలక ఉండాలి. అద్దెకి తెచ్చినవాటిలో అది చాలాసార్లు చిరిగి ఉంటుంది, షాపులోనే తిప్పి చూసుకోండి. పలక ఉన్నా ముద్ద కడితే అడుగు అడుగుకీ యాక్స్ కాడతో బూటు పక్కన ఒక దెబ్బ. వాలు తక్కువై, కింద ఐస్ లేదని ఖాయమైతే క్రాంపాన్లు విప్పేసి మడమ దించుతూ దిగడమే సుఖం.

సమస్య: వీడియోలో మంచు ఉన్న చోట గాజులాంటి ఐస్ ఉంది

మే నెల వీడియో చూసి అక్టోబర్‌లో వెళ్ళారు, అంతే. చలికాలం మంచు వేసవిలో, వానాకాలంలో కరిగిపోయి కింద ఉన్న పాత ఐస్ బయటపడుతుంది, మంచు కప్పి ఉంచిన పగుళ్ళు కూడా తెరుచుకుంటాయి. దీనికి రోప్, ఐస్ స్క్రూలు (ఐస్‌లోకి బిగించి రోప్ తగిలించే మరలు), అవి వాడటం తెలిసిన గైడ్ కావాలి. ఐస్ మీద జారితే యాక్స్‌తో ఆపుకోవడం దాదాపు కుదరదు, కాబట్టి జారకుండా చూసుకోవడం ఒక్కటే మార్గం. ఎవరో పోయినేడు ఎక్కిన జీపీఎస్ ట్రాక్ డౌన్‌లోడ్ చేసుకుని దాని మీదే నడుస్తామనేవాళ్ళకి కూడా ఇదే జవాబు. పోయినేడు పగులు మీద ఉన్న మంచు వంతెన ఈ ఏడు ఉండాలని లేదు.

సమస్య: అడుగు వేస్తే బోలు చప్పుడు, లేదా బూటు దగ్గర్నుంచి పగులు పరిగెత్తింది

గాలి తోసుకొచ్చి పేర్చిన మంచు పలక, కింది పొరకి అతుక్కోలేదు. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద ఇది కనిపిస్తే చేయగలిగిన రిపేరు లేదు, వచ్చిన దారిన ఒక్కొక్కరుగా, దూరం దూరంగా వెనక్కి రావాలి. వాన తర్వాత సీజన్ అంటే ఆకాశం నీలంగా ఉంటుంది, అంతా సేఫ్ అనుకుంటారు. ఉత్తరాఖండ్‌లో 5,670 మీటర్ల ద్రౌపదీ కా డండా-2 మీద శిక్షణ బృందాన్ని మంచు చరియ ముంచేసింది 2022 అక్టోబర్ 4న, అదే సీజన్‌లో.

సమస్య: పొద్దున సులభంగా దాటిన నాలా (కొండవాగు) తిరిగొచ్చేసరికి పొంగుతోంది

పగలు కరిగిన నీళ్ళు మధ్యాహ్నం, సాయంత్రం కిందికి చేరతాయి. వెడల్పైన చోటు వెతకండి, దొరక్కపోతే అక్కడే ఆగి తెల్లారి దాటండి. అదే నీరు రాత్రి కాలిబాట మీద పారి గడ్డకడుతుంది, పొద్దున బాట మధ్యలో కాకుండా అంచున గడ్డి, రాళ్ళ మీద నడవండి.

మిగతావి అరుదు. మంచు గోధుమ రంగులో ఉంటే దుమ్ము, కాస్త తొందరగా కరుగుతుంది, అంతకుమించి ఏం లేదు. ఎర్రగా ఉంటే నాచు, నడకకి అడ్డం కాదు, తాగే నీళ్ళ కోసం మాత్రం ఆ మంచు కరిగించకండి. మేకుల్లా నిలబడ్డ మంచు ఈ దారిలో ఇబ్బంది పెట్టేంతగా ఉండదు, దాని గురించి అడగొద్దు.