రాక్ వినడం నేర్చుకుందాం – 5వ పాఠం: గాయకుడు వెళ్లిపోయాక

పోయిన పాఠంలో పాటలోంచి బేస్ గిటార్‌ను విడదీసి వినడం సాధన చేశాం. అది దాటేసినవాళ్లు ఒకసారి వెనక్కి వెళ్లి రండి. ఈసారి దానితో చాలా పనుంది.

పేరున్న గాయకుడు వెళ్లిపోయాక వచ్చిన ఆల్బమ్ పెట్టగానే చెవి పాత గొంతు కోసం వెతుకుతుంది. అది దొరక్కపోయేసరికి మిగతాదేదీ తలకెక్కదు. నేనూ అలా సగంలో ఆపేసినవి చాలానే ఉన్నాయి. అందుకని ఇవాళ తిరగేసి విందాం. మొదటిసారి గొంతును పట్టించుకోకండి. డ్రమ్స్, బేస్, గిటార్ నడక పాతదేనా, మారిందా అన్నదే చూడండి. ఖాళీని ఎవరు, ఎలా పూడ్చారన్నది రెండోసారికి.

తేలికైన ఉదాహరణ ఏసీ/డీసీ బ్యాండ్. 1980 ఫిబ్రవరిలో దాని గాయకుడు బాన్ స్కాట్ చనిపోయాడు. జులైకల్లా బ్రయన్ జాన్సన్ గొంతుతో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ వచ్చేసింది. దాన్ని 1979 నాటి ‘హైవే టు హెల్’ పక్కన పెట్టి వినండి. మాల్కమ్ యంగ్ రిథమ్ గిటార్, ఫిల్ రడ్ డ్రమ్స్ రెండింటిలోనూ ఒకే పట్టు మీద ఉంటాయి. మనిషి మారాడు, నడక మారలేదు. దీనికి ఒక సాయంత్రం చాలు.

జెనెసిస్ బ్యాండ్ దగ్గర కాస్త ఆగాలి. 1975లో గాయకుడు పీటర్ గేబ్రియల్ తప్పుకున్నాక బయట చాలామంది గాయకులను పరీక్షించి, చివరికి తమ డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్‌నే ముందు నిలబెట్టారు. 1976లో ‘ఎ ట్రిక్ ఆఫ్ ది టెయిల్’ వచ్చింది. అయితే ఈ కొత్త గొంతు నిజంగా కొత్తదేనా? 1973 నాటి ‘సెల్లింగ్ ఇంగ్లండ్ బై ది పౌండ్’లో ‘మోర్ ఫూల్ మీ’ వినండి. గేబ్రియల్ ఉండగానే కాలిన్స్ పాడిన పాట అది. పాత ఆల్బమ్‌ల వెనక వరస గొంతుల్లోనూ అతనున్నాడు. వారసుడు ముందునుంచీ ఇంట్లోనే ఉన్నాడు, మనమే వినలేదు.

ఇక అసలు సాధన. జాయ్ డివిజన్ గాయకుడు ఇయన్ కర్టిస్ 1980 మే 18న చనిపోయాడు. మిగిలిన ముగ్గురూ ఆ పేరు వదిలేసి న్యూ ఆర్డర్ అయ్యారు. ‘సెరిమనీ’ అనే పాట మాత్రం రెండు పేర్ల మీదా దొరుకుతుంది. కర్టిస్ పాడినది ఆఖరి కచేరీ రికార్డింగ్‌గా ‘స్టిల్’ ఆల్బమ్‌లో ఉంది. న్యూ ఆర్డర్ దాన్నే 1981లో తొలి సింగిల్‌గా తెచ్చింది. నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలీదు.

రెండూ వరసగా పెట్టి, రెండు బ్యాండ్లలోనూ ఉన్న పీటర్ హుక్ బేస్‌నే పట్టుకోండి. రాగం ఎత్తుకునేది అదే, పై స్థాయిలో, మామూలుగా గిటార్ ఉండేచోట. అది రెండింటిలోనూ ఉంది. ఇప్పుడు గొంతు వైపు రండి. న్యూ ఆర్డర్‌లో పాడే బెర్నార్డ్ సమ్నర్ కర్టిస్‌లా లోతుగా పాడడు. బెరుకుగా, పలచగా వినిపిస్తాడు. మొదట్లో అది లోపమనే అనుకున్నాను, ఇప్పుడా బెరుకే నచ్చుతోంది.

తర్వాత న్యూ ఆర్డర్ 1983 నాటి ‘బ్లూ మండే’కి దూకండి. గడియారం చూస్తూ వినండి: రెండు నిమిషాలు దాటేదాకా గొంతే రాదు. ఆ రెండు నిమిషాలూ డ్రమ్ మెషీన్, సింథసైజర్ నడిపిస్తాయి. గాయకుణ్ణి పోగొట్టుకున్న బ్యాండ్ మరో గాయకుడి మీద భారమంతా వేయకుండా పాట కట్టే పద్ధతినే మార్చుకుంది. అంత యంత్రాల మధ్య కూడా హుక్ బేస్ ఎక్కడ తలెత్తుతుందో పట్టుకుని, ఆ నిమిషం, సెకను రాసుకోండి.

వచ్చే పాఠానికి ఫ్లీట్‌వుడ్ మాక్ బ్యాండ్. గిటారిస్టు, గాయకుడు పీటర్ గ్రీన్ ఉన్న 1969 నాటి ‘దెన్ ప్లే ఆన్’, అతను లేని 1977 నాటి ‘రూమర్స్’ విని రండి. రెండింటిలోనూ డ్రమ్స్, బేస్ వాయించింది ఒకే ఇద్దరు. నమ్మబుద్ధి కాకపోతే మళ్లీ వినండి.