పాత కారు పెట్రోల్ ట్యాంకు గొట్టానికి కొత్త సీలు

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే పెట్రోలు వాసన వస్తుంటే, ఇంధనం పోసే గొట్టం ట్యాంకులోకి దిగే చోట ఉన్న రబ్బరు సీలు గట్టిపడి పగిలిందేమోనని ముందుగా అనుమానించాలి. గాలి బాగా ఆడే చోట, నిప్పుకు దూరంగా, బ్యాటరీ తీగ విప్పి, పెట్రోలు మట్టాన్ని బాగా తగ్గించాకే పని మొదలుపెట్టాలి. క్లిప్పులు వదులు చేసి గొట్టాన్ని మెల్లగా తిప్పుతూ లాగాలి. పాత సీలు ముక్కలు ట్యాంకులో పడితే తర్వాత ఫిల్టరుకు అడ్డం పడతాయి కనుక ఇక్కడ తొందర పనికిరాదు. బయటికి తీసిన గొట్టం అంచును వేలితో తడిమితే, కంటికి ఆనని తుప్పు పొక్కులు గరుకుగా తగులుతాయి. వాటిని సన్నని గరుకు కాగితంతో నునుపు చేయకపోతే కొత్త సీలు కూడా కారుతుంది. ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) కలిసిన పెట్రోలు పాతకాలపు రబ్బరును పాడుచేస్తుంది కాబట్టి, ఖరీదు ఎక్కువైనా దాన్ని తట్టుకునే ఫ్లోరోకార్బన్ రబ్బరు సీలునే నేను ఎంచుకుంటాను. కొత్త సీలుతో గొట్టాన్ని తిరిగి అమర్చాక, గొట్టాన్ని కారు లోహపు బాడీకి కలిపే ఎర్త్ తీగ ఉంటే దాన్ని తప్పక తిరిగి బిగించి, ట్యాంకు నింపి, సీలు చుట్టూ తడి ఉందేమో చూడాలి.