బరంపురం వస్తే ఏ పూట ఏం తినాలి

రైలు టికెట్ మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది, మన నోట మాత్రం బరంపురమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే ఇడ్లీ, ఉప్మా ఇక్కడ ఇంటి తిండే. చాలాచోట్ల తెలుగులో అడిగినా పని జరుగుతుంది.

పొద్దున టిఫిన్‌కి ఏసీ హోటళ్లు వెతక్కండి, బండ్ల దగ్గరికే వెళ్లండి. ఎనిమిదిలోపయితే మరీ మేలు. ఇక్కడ వడను ఒట్టి చట్నీతో సరిపెట్టరు. ఆకుదొన్నెలో వడ తుంచి, మీద వేడివేడి ఘుగుని, అంటే ఎండు బఠాణీల కూర, పోస్తారు. వడ నడుమ భాగం రసం పీల్చుకుని, అంచు ఇంకా కరకరలాడుతుండగానే తినేయాలి. ఆలస్యమైతే ముద్దయిపోతుంది. వడ కళ్లముందే నూనెలోంచి తీస్తున్నారా, ఘుగుని గిన్నె పొయ్యి మీదే ఉందా చూసి బండి ఎంచుకోండి. ఎండాకాలం పది దాటాక కొబ్బరి చట్నీ వద్దనండి, పులిసిపోయి ఉంటుంది.

మధ్యాహ్నం ఒడియా భోజన హోటల్లో దాల్మా అడగండి. కందిపప్పులో గుమ్మడి, అరటికాయ, వంకాయ వేసి ఉడికించి, వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లుతారు. మన పప్పుచారు పులుపు దీంట్లో వెతక్కూడదు. చేపల బెసరలో ఆవ ముద్ద ఘాటు ముక్కుకెక్కుతుంది, మొదట కొంచెమే వడ్డించమనండి. ఎండాకాలమైతే పఖాళ తప్పక తినాలి. నీళ్లలో పులిసిన అన్నం, నంజుకోడానికి వడియాల పొడి, ఆకుకూర వేపుడు, వేయించిన చేప. పులుపు పడనివాళ్లు అప్పటికప్పుడు కలిపిన సజ పఖాళ అడగవచ్చు.

నీచు తినేవాళ్లు వారం చూసుకోవాలి. సోమ, గురువారాల్లో చాలా ఇళ్లలో ముట్టరు. అమ్మకం తగ్గుతుంది కాబట్టి ఆ రోజుల్లో చేప ఎప్పటిదో అడిగి తినండి. కార్తీకంలో పట్టింపు ఇంకా ఎక్కువ, చివరి ఐదు రోజులు, పంచుకలో, మరీను. ఇక్కడి కార్తీకం దీపావళికి పదిహేను రోజుల ముందే మొదలవుతుంది, మన పంచాంగం లెక్కతో వస్తే దెబ్బతింటారు. మామూలు రోజుల్లో 'మాంసో' అంటే మేక మాంసమే తెస్తారు, కోడి కావాలంటే 'కుకుడా' అనండి.

సాయంత్రం దగ్గర్లోని సముద్రతీరం గోపాల్‌పూర్ వెళ్తే రొయ్యలు, పీతలు ఎదుటే తూయించండి. వండినందుకు వేరే డబ్బులు ఉన్నాయేమో ముందే తేల్చుకోండి.

ఛెనాపోడా, అంటే విరిగిన పాల ముద్దలో చక్కెర కలిపి కాల్చిన మిఠాయి, తూకానికి అమ్ముతారు, ఇద్దరికి పావుకిలో చాలు. పైన గోధుమరంగు మాడు, లోపల తడి ఉండాలి. పుల్లటి వాసన వస్తే వదిలేయండి. ఎండాకాలం ఫ్రిజ్ లేకుండా మర్నాటిదాకా ఉంచకండి. ఊరికి పట్టుకెళ్లడానికి బరంపురం అప్పడాలు, పచ్చళ్లు నయం.