డ్రాప్ పడింది, జనం కదల్లేదు: డేవిడ్ గెట్టా పాటలకు పార్టీ రిపేర్లు

పార్టీలో ఏం పెట్టాలో తోచనప్పుడు చాలామంది చెయ్యి ఫ్రాన్స్ డీజే డేవిడ్ గెట్టా పాట మీదికే పోతుంది. అందరికీ తెలిసిన ట్యూన్, దంచే బీట్, ఇక తిరుగేముంది అనుకుంటాం. తీరా పెట్టాక జనం ఒక్కొక్కరే బిర్యానీ కౌంటర్ వైపు జారుకుంటారు. "పాట పాతబడిపోయిందిరా" అని పక్కవాడు తీర్పు చెప్పేస్తాడు. నేను ఓ చిన్న డీజే కంట్రోలర్, ల్యాప్‌టాప్ పట్టుకుని బంధువుల సంగీత్‌లకీ, ఫ్రెండ్స్ బర్త్‌డేలకీ వాయిస్తుంటాను. ఇన్నేళ్లలో నాకు అర్థమైందేమిటంటే, చాలాసార్లు పాట బాగానే ఉంటుంది, పెట్టిన తీరే బాగుండదు.

ఒక సంగతి ముందే తెలిస్తే మిగతాదంతా సులువు. గెట్టా 1980ల నుంచే పారిస్ క్లబ్బుల్లో రికార్డులు వాయించిన మనిషి. 2009, 2011లో వచ్చిన రెండు ఆల్బమ్‌లలో ఆయన చేసింది, క్లబ్‌లో ఆగకుండా దం దం అని కొట్టుకునే కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ) మీద రేడియోలో పాడుకునే పాప్, ఆర్ అండ్ బీ గొంతుల్ని కూర్చోబెట్టడం. కెల్లీ రోలండ్, ఏకాన్, కిడ్ కడీ, అషర్, నిక్కీ మినాజ్, సియా అలా వచ్చినవాళ్లే. అందుకే ఈ పాటల్లో గొంతు కలిపే సగం ఒకటి, గెంతే సగం ఒకటి ఉంటాయి. మనం స్పీకర్‌తోనో, వాల్యూమ్‌తోనో, తొందరతోనో ఏదో ఒక సగాన్ని చంపేస్తాం. కింద రాసిన తిప్పలు చాలావరకు అక్కడ పుట్టినవే.

డ్రాప్ పడింది, ఎవరూ ఎగరలేదు

డ్రాప్ అంటే ఊరించి ఊరించి బీట్, బేస్ ఒక్కసారిగా వచ్చిపడే చోటు. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే జబ్బు ఇది. దీనికి కారణాలు మూడు, ఒక్కోసారి మూడూ కలిసే వస్తాయి.

మొదట వాల్యూమ్ చూడండి. బిల్డప్ అంటే డ్రాప్‌కి ముందు స్నేర్ డ్రమ్ దెబ్బలు దగ్గరపడుతూ, శబ్దం పైకి లేస్తూ, బేస్ మాయమయ్యే భాగం. అక్కడ ఉత్సాహం ఆగక మనం మాస్టర్ నాబ్ తిప్పేస్తాం. డ్రాప్ వచ్చేసరికి మీటర్లు ఎర్రగా వెలుగుతుంటాయి, పెంచడానికి ఇంకేం మిగలదు. డ్రాప్ పెద్దగా అనిపించాలంటే దానికి ముందు భాగం చిన్నగా ఉండాలి. బిల్డప్ మొదలవగానే గెయిన్ (ఆ పాట ఒక్కదాని వాల్యూమ్) ఎవరికీ తెలియనంతగా కాస్త తగ్గించండి, లో (బేస్) నాబ్ సగానికి దించండి. డ్రాప్‌లో మొదటి కిక్ పడుతుండగా రెండూ పాత చోటికి తెచ్చెయ్యండి.

వాల్యూమ్ సరిగ్గానే ఉంటే రెండో అనుమానం తొందర. 128 బీపీఎం (నిమిషానికి 128 బీట్ల) పాటలో ఒక బీట్ దాదాపు 0.47 సెకన్లు. నాలుగు బీట్లు ఒక బార్, 16 బార్లు సరిగ్గా 30 సెకన్లు. ఈ సంగీతమంతా ఎనిమిదేసి, పదహారేసి బార్ల మూటలుగా కట్టి ఉంటుంది. వినేవాడికి ఈ లెక్క రాకపోయినా వాడి కాళ్లకు వచ్చు. బోర్ కొడుతుందేమోనని బిల్డప్ మధ్యలోంచి నేరుగా డ్రాప్ మీదికి దూకితే, కాళ్లు ఎదురుచూసిన చోట డ్రాప్ దొరకదు. 2011 నాటి 'టైటానియమ్'నే తీసుకోండి. దాని వేగం 126. అందులో బిల్డప్ పని చేసేది స్నేర్ కన్నా సియా గొంతు, మెట్టు మెట్టుగా ఎక్కుతూ. దాన్ని కోసేసి డ్రాప్ మాత్రం పెడితే మిగిలేది ఓ మామూలు సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డ్) ట్యూన్. కుదించక తప్పదనుకుంటే మొదటి చరణం వదిలెయ్యండి, కోరస్‌కి ముందు భాగాన్ని మాత్రం ముట్టుకోకండి.

మూడోది స్పీకర్. కిక్ దెబ్బలో ఒంటికి తగిలే భాగం 50, 60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఇంట్లో వాడే చిన్న పార్టీ స్పీకర్లు గట్టిగా అంత కిందికి దిగలేవు, టప్ టప్‌మని పైశబ్దం మాత్రం ఇస్తాయి. ఈ పాటల్లో ఇంకో మెలిక ఉంది. కిక్ పడిన ప్రతిసారీ మిగతా వాయిద్యాలు ఒక్క క్షణం తగ్గి మళ్లీ లేస్తాయి. దాన్ని సైడ్‌చెయిన్ అంటారు. పాట ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఉండేది అందువల్లే. కిక్ వినపడకపోతే ఆ ఊపిరి కాస్తా ఆయాసంలా ఉంటుంది. దీనికి మందు సబ్‌వూఫర్ (బేస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్) అద్దెకు తెచ్చుకోవడమే, ఈక్వలైజర్‌లో బేస్ పెంచితే చిన్న స్పీకర్ ఏడుస్తుంది. రెండు సబ్‌లు తెస్తే హాల్‌కి చెరో మూల పెట్టకండి, పక్కపక్కనే నేల మీద పెట్టండి. 60 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 5.7 మీటర్లు. రెండు మూలల నుంచి వచ్చే అలలు హాల్లో కొన్నిచోట్ల ఒకదాన్నొకటి మింగేస్తాయి. అప్పుడు డీజే టేబుల్ దగ్గర దద్దరిల్లుతుంది, పెళ్లికొడుకు ఎగిరే చోట ఏమీ ఉండదు.

"కరెంటు పోయిందా?" అని అడుగుతున్నారు

మా పెద్దమ్మ కొడుకు సంగీత్‌లో 'ఐ గాటా ఫీలింగ్' పెట్టాను. అది అమెరికా బృందం బ్లాక్ ఐడ్ పీస్ వాళ్ల పాటే అయినా ప్రొడ్యూస్ చేసింది గెట్టా. 2009లో అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 14 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ఆ పాట మొదలు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి, కిక్ వెంటనే రాదు. అంతకుముందు పాట అయిపోయి ఇది మొదలవగానే మా బాబాయ్ కంగారుగా వచ్చి, "ఒరేయ్, జనరేటర్ ఆన్ చెయ్యమననా?" అన్నాడు.

క్లబ్‌లో కిక్ ఆగితే జనం చేతులు పైకెత్తుతారు, అది తిరిగొస్తుందని వాళ్లకు తెలుసు. మన ఫంక్షన్ హాల్లో బీట్ ఆగిందంటే ఎక్కడో వైరు ఊడినట్టే లెక్క. నిజానికి ఈ ఆట మనకు కొత్తేమీ కాదు. తీన్మార్ కొట్టే డప్పుల వాళ్లు కూడా మధ్యలో దరువు సన్నగిల్లజేసి, ఊరించి, ఒక్కసారిగా అందుకుంటారు. తేడా ఒక్కటే, వాళ్లు పూర్తిగా ఆపరు. మనమూ అదే చెయ్యాలి. ముందు పాట చివర్లోంచి నాలుగు బీట్ల ముక్క లూప్ చేసి (అదే మళ్లీ మళ్లీ తిరిగేలా పెట్టి), బేస్ తీసేసి, చప్పట్లూ హైహ్యాట్ (ఛిక్ ఛిక్‌మనే తాళాలు) మాత్రం కొత్త పాట కింద నడపండి. కొత్త పాట కిక్ రాగానే లూప్ వదిలెయ్యండి. మైక్ ఉంటే "చేతులు పైకి" అని ఒక్క మాట చాలు. ఉపన్యాసం మొదలుపెడితే డ్రాప్ మీద మీ గొంతే వినిపిస్తుంది.

పాట మారేటప్పుడల్లా గుద్దుకుంటోంది

మీ దగ్గరున్నది రేడియో ఎడిట్ అయి ఉంటుంది. రేడియో కోసం చేసిన ముక్కలో కలపడానికి చోటుండదు, మొదటి సెకన్లలోనే గొంతో ట్యూనో వచ్చేస్తుంది, చివర్లో టక్కున ఆగుతుంది. 2022లో గాయని బీబీ రెక్సాతో వచ్చిన 'ఐయామ్ గుడ్' మూడు నిమిషాలు కూడా ఉండదు. ఎక్స్‌టెండెడ్ మిక్స్‌లో ముందూ వెనకా ఉత్త బీట్ ఉంటుంది, అది డీజే చేతులు పెట్టుకోవడానికి ఇచ్చిన జాగా. దొరికితే అదే కొనండి. దొరక్కపోతే చివరి కోరస్ అయ్యాక ఉత్త బీట్ ఎక్కడుందో వెతికి, అక్కడ ఎనిమిది బార్ల లూప్ ఇంటి దగ్గరే సెట్ చేసి పెట్టుకోండి. రెండు పాటల గొంతులు ఒకేసారి మాత్రం ఎప్పుడూ వినపడకూడదు. రెండు బేస్‌లూ అంతే. ఒకటి దించాకే రెండోది ఎత్తాలి.

అందరికీ తెలిసిన పాటే, ఎవరూ గొంతు కలపడం లేదు

ఆంప్లిఫయర్ మీద ఈక్వలైజర్ చూడండి. ఎవరో పెద్దమనిషి బేస్, ట్రెబుల్ పైకి లేపి మధ్యవన్నీ కిందికి దించి ఉంటాడు, నవ్వుతున్న మూతిలా. మనిషి గొంతులో మాట అర్థమయ్యే భాగం ఆ మధ్యలోనే ఉంటుంది. 'టైటానియమ్' డెమోని సియా వేరే గాయకుల కోసమని పాడింది, గెట్టా చివరికి ఆ గొంతునే ఉంచేశాడు. పాటంతా నిలబడింది దాని మీద. దాన్ని మనం ఒక్క స్లైడర్‌తో పూడ్చేస్తున్నాం. మధ్య స్లైడర్లు సున్నా దగ్గరికి తెండి. కోరస్ రెండోసారి వచ్చినప్పుడు ఒక లైన్‌కి వాల్యూమ్ పూర్తిగా కట్ చేసి చూడండి. జనం అందుకుంటే ఆ రాత్రి మీది. అందుకోకపోతే మూడో సెకన్‌లో తిరిగి పెంచెయ్యండి, ఏమీ జరగనట్టు మొహం పెట్టండి.

వయసు లెక్క కూడా ఉంది. 2009, 2011 పాటలు అప్పుడు కాలేజీలో ఉన్నవాళ్లవి. ఇప్పటి పిల్లలకు 'ఐయామ్ గుడ్' దగ్గర. దాని ట్యూన్ ఇటలీ బృందం ఐఫిల్ 65 పాడిన 1998 నాటి 'బ్లూ'ది కాబట్టి, పిల్లల నాన్నలూ ఉలిక్కిపడి లేస్తారు. రెండు తరాలూ ఉన్న ఫ్లోర్ మీద నేను ముందు వాడేది అదే. క్లీన్ వెర్షన్ పెట్టుకోవడం మర్చిపోకండి, మామూలు దాన్లో ఓ బూతు మాట ఉంది. 2009లో ఏకాన్ పాడిన పాటకైతే పేరులోనే రెండు రూపాలున్నాయి, అత్తగారు ముందు వరుసలో కూర్చున్నప్పుడు ఏది పెట్టాలో చెప్పక్కర్లేదు.

గెట్టా నుంచి తీన్మార్‌కి మారగానే కాళ్లు తడబడుతున్నాయి

ఇది క్లబ్ డీజేలు పడని తిప్ప, మన సొంతం. గెట్టా పాటలో ఒక్కో బీట్ రెండుగా, నాలుగుగా చీలుతుంది. తీన్మార్‌లో మూడుగా చీలుతుంది. మన శాస్త్రంలో చెప్పాలంటే చతురశ్రం నుంచి తిశ్రానికి దూకుతున్నాం. పైగా సాఫ్ట్‌వేర్ తీన్మార్ వేగాన్ని తప్పుగా చదువుతుంది, 128 అడుగుల నడకను 96 అనో 192 అనో చూపిస్తుంది. దాన్ని నమ్మి, రెండు పాటల వేగాల్ని కలిపే సింక్ బటన్ నొక్కితే అంతే సంగతులు.

ముందు తీన్మార్ ట్రాక్‌ని చేత్తో ట్యాప్ చేసి, అడుగుకి ఒక బీట్ చొప్పున వేగం మీరే సరిచెయ్యండి. మారేటప్పుడు గెట్టా పాటలో హై, మిడ్ (పై, మధ్య శబ్దాలు) పూర్తిగా తీసేసి ఉత్త కిక్ మాత్రం నాలుగు బార్లు నడవనివ్వండి. దం, దం, దం, దం అనే ఆ కిక్ రెండు నడకలకూ సరిపోతుంది. గొడవపడేది హైహ్యాట్, సింథ్ మాత్రమే. ఆ కిక్ మీదికి డప్పు తెచ్చి, రెండు బార్ల తర్వాత కిక్ తీసెయ్యండి. కాళ్లకు తెలియకుండానే నడక మారిపోతుంది. అంత ఓపిక లేకపోతే ఎనిమిది బార్ల చివర ఎకో పెట్టి ఆపేసి, ఒక ఈల వేయించి, డప్పు విడిగా మొదలుపెట్టండి. మొరటు పద్ధతే గానీ పనిచేస్తుంది.

'హే మామా' పెడితే ఫ్లోర్ ఒక్కసారి కూలబడింది

2015 నాటి ఈ గెట్టా పాట వేగం 86. మిగతావాటిలా నాలుగు కిక్‌ల నడక కాదు, బరువుగా తొక్కుకుంటూ పోతుంది. అందులో వినిపించే పాత గొంతులు 1940ల్లో అమెరికాలోని మిసిసిప్పీలో ఒక జైలు పొలంలో ఖైదీలు పనిచేస్తూ పాడుకున్న పాటవి, ఆ బరువు అక్కడిదే. 128 నుంచి నేరుగా దిగితే మెట్టు తప్పినట్టుంటుంది. ఒక లెక్క వాడుకోవచ్చు. 128 పాటలో ముప్పావు బీట్ లూప్ వేస్తే అది నిమిషానికి సుమారు 170.7 సార్లు తిరుగుతుంది, అందులో సగం 85.3. 'హే మామా'ని ఆ వేగానికి కాస్త తగ్గించి, లూప్ నడుస్తుండగా మొదలుపెట్టండి. మొదటి రెండుసార్లు తప్పుతుంది, ఆ తప్పులేవో ఇంటి దగ్గరే చేసెయ్యండి.

హెడ్‌ఫోన్‌లో కలిసింది, బయట కలవలేదు

బ్లూటూత్ స్పీకర్ వాడుతున్నారు. శబ్దం 0.2 సెకన్లు ఆలస్యమైనా దాదాపు అర బీట్ పోయినట్టే. వైరు పెట్టండి.

నాలుగో పాటకు అందరూ నీరసపడ్డారు

వరుసగా అన్నీ గెట్టావే పెట్టారు కదా. అదే వేగం, అదే రకం సింథ్, అదే బిల్డప్. నాకు ఆయనంటే ఎంత ఇష్టమున్నా రెండు దాటితే నాకే విసుగు. రెండు పెట్టి, తెలుగు పాటకో తక్కువ వేగం ఉన్నదానికో పోయి, అరగంట తర్వాత మళ్లీ రండి.

పదైపోయింది, అసలు ఊపు ఇంకా రాలేదు

రాత్రిని క్లబ్‌లా ప్లాన్ చేశారు. క్లబ్బులకు పేరుపడ్డ స్పెయిన్ దీవి ఇబిజాలో ఊపు అర్ధరాత్రి దాటాక వస్తుంది. ఇక్కడ 2000 సంవత్సరం శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు, ప్రభుత్వం ప్రత్యేకంగా సడలించిన కొన్ని రోజులు తప్ప. అందుకని లెక్క వెనకనుంచి వెయ్యాలి. భోజనాలు మొదలయ్యే ముందు 100, 110 వేగంలో తేలిక పాటలు. ఎనిమిదిన్నరకు 'ఐ గాటా ఫీలింగ్'. చాలామంది దాన్ని చివరికి దాచుకుంటారు, ఆ పాట చెప్పేదేమో ఈ రాత్రి బాగుండబోతోందని. ఇంటికి పోయేవాడికి ఆ కబురెందుకు? తొమ్మిదింపావుకి 'టైటానియమ్', ఆ వెంటనే తీన్మార్. తొమ్మిదీ యాభైకి నెమ్మదైన తెలుగు పాట ఒకటి, లైట్లు సగం వేసి.

కేబుళ్లు చుడుతుంటే ఎవరో ఒకరు వచ్చి "అన్నా, ఇంకొక్కటి" అంటారు. వాళ్ల కోసమే ఆ బ్లూటూత్ స్పీకర్ బ్యాగులో ఉంచుకుంటాను. చేతిలో పెట్టి, లోపల గదిలో తలుపులేసుకుని పెట్టుకోమంటాను.