సున్తీ ఆపరేషన్ తర్వాత మూత్రం ఇబ్బందులు: మందు కంటే ముందు కట్టు చూడండి

సున్తీ చేయించుకున్న మగవాళ్లకి మొదటి వారంలో మూత్రం దగ్గర ఏ తేడా వచ్చినా ‘ఒంట్లో వేడి చేసింది’ అని బార్లీ నీళ్లు కాచేస్తాం. చేయాల్సిన మొదటి పని అది కాదు. దీపం వెలుగులో కట్టునీ, అంగం మొన రంగునీ చూడాలి. పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూడాలి. రెండు నిమిషాల పని, అయినా దాన్నే వదిలేస్తారు. ఇక్కడ రాసింది పెద్దవాళ్ల గురించే. పసిపిల్లల లెక్క వేరు.

మంట

మంట ఎక్కడ ఉందో తేల్చుకోండి. మూత్రం బయటికొచ్చి మొన మీద, కుట్ల మీద పడినప్పుడు చురుక్కుమంటే అది గాయం మంట. ఇన్నాళ్లూ చర్మం కింద దాగి ఉన్న భాగం కాబట్టి కొన్నాళ్లు అలాగే ఉంటుంది. ఈ మంటకి భయపడి నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి ఇంకా మండుతుంది. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్లు చాలడం లేదన్నమాట. గుండె, కిడ్నీ జబ్బు లేనివాళ్లు రోజుకి 2 నుంచి 2.5 లీటర్లు తాగాలి. కట్టు తీసేశాక అయితే, మూత్రం పోసేటప్పుడే మగ్గుతో గోరువెచ్చని నీళ్లు ధారగా పోసుకుంటే మంట చాలావరకు తగ్గుతుంది. తర్వాత మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దకండి.

మంట లోపల నాళం పొడవునా ఉండి, మాటిమాటికీ వెళ్లాలనిపిస్తూ, మూత్రం మసకగా, వాసనగా వస్తుంటే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మూత్రం కల్చర్‌కి, అంటే ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్షకి, ఇచ్చాకే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. ఇంట్లో మిగిలిన పాత స్ట్రిప్పు వేసుకుంటే కల్చర్ రిపోర్టు కూడా తప్పుదారి పట్టిస్తుంది.

ధార చీలడం, పక్కకి చిమ్మడం

వాపు వల్లో, రంధ్రం అంచున కట్టిన పక్కు వల్లో ఇలా జరుగుతుంది. కూర్చుని పోయండి. పక్కుని గోరుతో గీకకండి. సెలైన్‌లో తడిపిన గాజ్ గుడ్డని (గాయాలకి వాడే పల్చటి జాలీ గుడ్డ) కాసేపు ఆనించి ఉంచితే అదే మెత్తబడుతుంది. వాపు తీసేకొద్దీ, రెండు మూడు వారాల్లో ధార సర్దుకుంటుంది.

చుక్కలు చుక్కలుగా రావడం, అసలు రాకపోవడం

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఆపరేషన్ రోజు కట్టు సరిగ్గానే కట్టి ఉంటారు. తర్వాత గాజ్ గుడ్డలోకి ఊరిన రక్తం ఎండి, గుడ్డ అట్టలా బిగుసుకుంటుంది. గోటితో తడితే టకటకమంటుంది. వాపేమో రెండో మూడో రోజు దాకా పెరుగుతూనే ఉంటుంది. సాగని ఆ చుట్టలో అంగం ఇరుక్కుంటుంది, అడుగువైపు ఉన్న మెత్తటి మూత్రనాళం నొక్కుకుపోతుంది. అప్పుడు గంటకోసారి నాలుగు చుక్కలు పడతాయి. ‘వస్తూనే ఉందిగా’ అనుకుంటారు. నిజానికి మూత్రాశయం నిండిపోయి, పట్టక పొంగినదే ఆ కాస్త కారుతోంది. పైగా ‘వేడి’ తగ్గాలని మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగిస్తే నిండిన కుండలో ఇంకా పోసినట్టే.

బొడ్డు కింద అరచెయ్యి పెట్టి నొక్కండి. గట్టిగా, గుండ్రంగా తగిలి, నొక్కగానే మూత్రం వస్తున్నట్టనిపిస్తే మూత్రాశయం నిండి ఉంది. ఇప్పుడు కట్టు పై అంచు చూడండి. మొన పుట్టగొడుగులా ఉబ్బిందా? వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. అలా కాకపోయినా, మొన నీలంగా, నల్లగా, చల్లగా, మొద్దుబారినట్టు ఉన్నా రాత్రయినా సరే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

రంగు బాగుండి కట్టు మాత్రమే బిగిస్తోందనిపిస్తే, నీళ్లు తాగడం ఆపి సర్జన్‌కి ఫోన్ చేయండి. ఆయన విప్పమంటేనే, నార్మల్ సెలైన్ పోస్తూ 10–15 నిమిషాలు నాననిచ్చి పై పొర వదులు చేయండి. కుట్లకి అంటిన లోపలి పొరని లాగకండి, కత్తెర పెట్టకండి. స్టేప్లర్‌తో చేసి ఉంటే పిన్నులని అసలు ముట్టుకోవద్దు. రక్తం వస్తే శుభ్రమైన గాజ్ గుడ్డతో 10 నిమిషాలు, మధ్యలో తీసి చూడకుండా, అదిమి పట్టండి. ఆగకపోతే ఆసుపత్రికే.

6 నుంచి 8 గంటలుగా సరిగ్గా మూత్రం రాక, పొట్ట బిగిసి ఉంటే కట్టు ఎలా ఉన్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, క్యాథటర్ (మూత్రం తీసే గొట్టం) వేయాల్సి రావచ్చు. ముక్కి ముక్కి పోయడం వల్ల లాభం లేదు.

కట్టు వదులుగానే ఉంటే మిగతా కారణాలు చూడండి. వెన్నులో మత్తు ఇచ్చి ఉంటే మొదటి కొన్ని గంటలు మూత్రం ఆగడం మామూలే. అది ఆసుపత్రిలో ఉండగానే తేలాలి, మూత్రం పోశాకే ఇంటికి బయల్దేరండి. యాభై దాటి ప్రొస్టేట్ పెరిగినవాళ్లు జలుబు మాత్రలతో జాగ్రత్త. ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమైన్ ఉన్నవి మూత్రాన్ని బిగబట్టేస్తాయి. నొప్పికిచ్చే ట్రమడాల్ కూడా అంతే, పైగా మలబద్ధకం తెస్తుంది, అదీ మూత్రానికి అడ్డే. డాక్టరుకి చెప్పి మందు మార్పించుకోండి.

ధార బాగుండి, మాటిమాటికీ ఎక్కువెక్కువగా పోతుంటే షుగర్ చూపించుకోండి. ముందు చర్మం బిగుసుకుని ఈ ఆపరేషన్ దాకా వచ్చిన కొందరికి అసలు మూలం అదే. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లకి మూత్రంలో చక్కెర పోతుంది, ఆ చోట ఫంగస్ కూడా తేలిగ్గా పడుతుంది. వాటిని మీ అంతట మీరు ఆపకండి, సర్జన్‌కీ షుగర్ డాక్టరుకీ ఇద్దరికీ చెప్పండి.

నెలల తర్వాత ధార దారంలా సన్నబడితే రంధ్రం ఇరుకైందేమో చూపించుకోవాలి. మూత్రం రెండో చోటు నుంచి కారడం చాలా అరుదు. కనబడితే ఇంటి వైద్యం ఏదీ లేదు, సర్జన్ దగ్గరికే వెళ్లాలి.