రోహిణీ కార్తెలో రోలర్ స్కీలు

కాళ్లకు పొడవాటి పలకలు (స్కీలు) కట్టుకుని, చేతికర్రలతో (పోల్స్) నెట్టుకుంటూ మంచు మీద దూరాలు సాగే క్రాస్ కంట్రీ స్కీయింగ్ పోటీలు గుల్మార్గ్‌లో చలికాలంలో జరుగుతాయి. వాటికి కావలసిన దమ్ము, భుజబలం మాత్రం వేసవిలోనే తయారుకావాలి. మనకు వేసవి అంటే కోనసీమ ఉక్కపోత. రోలర్ స్కీలు, అంటే చక్రాల స్కీలు, కట్టుకుని కాలువగట్టు రోడ్డెక్కే వాళ్లకూ, తామూ సాధన చేస్తూ పిల్లలకు నేర్పే వాళ్లకూ ఈ జాగ్రత్తలు. నిజానికి రెండో రకం వాళ్ల గురించే నాకు ఎక్కువ భయం.

వెనక ఎవరు తూలుతున్నారో గమనించవలసిన మనిషే ముందు దూసుకుపోతూ తన గుండె వేగం చూసుకుంటుంటే ఆ గుంపుకు కోచ్ లేనట్టే. పైగా వేడి ఎక్కినప్పుడు అందరికంటే ముందు మందగించేది ఆలోచన. అది కోచ్‌కైనా అంతే. మీ సొంత కఠిన సాధనను వేరే పూటకు మార్చుకోండి. పిల్లలు రోడ్డు మీద ఉన్నంతసేపూ సైకిలు మీద అందరికంటే వెనక ఉండండి. వాళ్లతో కలిసి చేస్తేనే ఉత్సాహం అనే వాదనను చలికాలానికి దాచుకోండి.

ఇక్కడ థర్మామీటరును నమ్ముకుంటే మోసపోతాం. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు; ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. మైదానాల్లో 40 డిగ్రీలు చేరితేనే వడగాలి లెక్క చూసే వాతావరణ శాఖ, తీరంలో 37 చేరినా, అది మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాలి అంటుంది. తెల్లవారుజామున తేమ ఇంకా ఎక్కువే. అయినా అదే మంచి వేళ, ఎందుకంటే రోడ్డు చల్లబడి ఉంటుంది. సాయంత్రం అయిదింటికి కూడా తారు సెగలు కక్కుతూనే ఉంటుంది. మెత్తబడిన తారులో పోల్ మొన దిగబడితే భుజం పట్టేస్తుంది.

శరీరం వేడికి అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఏసీ హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన కుర్రాడిని మొదటి రోజే పాతవాళ్లతో సమానంగా పరుగెత్తించకండి. మొదట్లో సగం సేపు, అదీ నింపాదిగా. ఎండల్లో అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది, కాబట్టి వేగం లక్ష్యాలు పక్కన పెట్టి గుండె వేగాన్ని బట్టి నడిపించండి. జ్వరం, విరేచనాలు, నిద్రలేని రాత్రి, వీటిలో ఏది ఉన్నా ఆ రోజు సెలవు.

కొబ్బరి సీమలో ఈ మాట అనడం సాహసమే గానీ, బొండం నీళ్లు ఒక్కటే చాలవు. వాటిలో పొటాషియం దండిగా, సోడియం కొద్దిగా ఉంటాయి. చెమటలో మనం ఎక్కువగా పోగొట్టుకునేది సోడియం. ఉప్పు వేసిన మజ్జిగ గానీ, లీటరు నీటికి ఒక ప్యాకెట్ చొప్పున కలిపిన ఓఆర్ఎస్ గానీ ఉండాలి. సాధనకు ముందూ తరువాతా బరువు చూడండి. కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్టు. బరువు పెరిగితే అతిగా తాగినట్టు, అదీ ప్రమాదమే.

రోలర్ స్కీలకు సాధారణంగా బ్రేకులు ఉండవు. దాళ్వా కోతల తరువాత సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. గింజల మీద చక్రం నిలవదు, పైగా అది రైతు పంట, తప్పుకోవలసింది మనమే. ముందురోజు దారి చూసి రండి. కాలువ వంతెనల వాలు దగ్గర స్కీలు విప్పి నడవండి. హెల్మెట్, గ్లౌజులు, దూరానికి కనబడే చొక్కా తప్పనిసరి. జూన్‌లో కాలువలకు నీరు వదిలాక గట్టు రోడ్లు మానేయండి. కాళ్లు స్కీలకు, చేతులు పోల్ పట్టీలకు బిగించి ఉన్న మనిషికి ఎంత ఈత వచ్చినా నీళ్లలో పనికిరాదు. ఎత్తు కోసం మారేడుమిల్లి ఘాట్‌కు వెళితే పోల్స్ పట్టుకుని కాలినడకన ఎక్కండి. స్కీల మీద దిగడం మాత్రం వద్దే వద్దు.

తూలడం, పొంతనలేని మాటలు, కారణం లేని కోపం కనిపిస్తే వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని ధైర్యపడకండి, పరిశ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట ఆగకపోవచ్చు. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే మిగతావాళ్లు చల్లబరచడం మొదలుపెట్టాలి. ధాన్యం మీద కప్పే బరకం ఒకటి, రొయ్యల ఐస్ ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన ఐసు ఒక థర్మోకోల్ పెట్టె నిండా, డ్రమ్ముతో నీళ్లు ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. మనిషిని బరకం మధ్యలో పడుకోబెట్టి, నలుగురు అంచులు పైకెత్తి పట్టుకుని, తల మాత్రం పైకి ఉంచి, ఐసు నీళ్లు పోసి అటూ ఇటూ ఆడించండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. అంబులెన్సు వచ్చినా, వీలైతే ముందు ఒళ్లు చల్లబడనిచ్చి, ఆ తరువాతే ఆసుపత్రికి పంపండి.

కోలుకున్నాక డాక్టరు సరే అనేవరకు ఆ పిల్లవాడి స్కీలు మీ దగ్గరే ఉంచుకోండి. ఇంటికి పంపితే మర్నాడే రోడ్డెక్కుతాడు.